కౌన్సెలర్‌గా శిక్షణ పొందుతున్నప్పుడు మన ఎదుగుదలను మనమే గుర్తించడం ఎలా?

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. పదహారేళ్లుగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమాలో చేరి, ఇంటి దగ్గర ఉండి చదువుకునే మొదటి దశనూ, మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థలో ముఖాముఖి తరగతులు జరిగే రెండో దశనూ ముగించుకుని, ప్రస్తుతం మా ప్రాంతంలోని ఒక పాఠశాలలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. పిల్లలతో మాట్లాడిన ప్రతిసారీ ఆత్మపరిశీలన డైరీ రాయమని, చివరలో దాని ఆధారంగా వృత్తిపరంగా ఎంత ఎదిగానో నివేదిక ఇవ్వమని మా పర్యవేక్షకురాలు చెప్పారు. నాకు చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి నెల డైరీని ఎంతో శ్రద్ధగా రాశాను. పిల్లల కుటుంబ పరిస్థితి, చదువులో వెనకబడడానికి కారణాలు, నేను ఇచ్చిన సూచనలు, అన్నీ వివరంగా ఉన్నాయి. మేడమ్ గారు చదివి, దాదాపు ప్రతి పేజీ అంచున ఒకే మాట రాసి ఇచ్చారు: "ఇందులో మీరెక్కడ?"

ఒక సంభాషణను ఇక్కడ చెబుతాను. ఆ అమ్మాయి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. తొమ్మిదో తరగతి. తరచుగా బడి మానేస్తోంది. "నాకు చదవాలని లేదు మేడమ్" అంది. ఆమె మాట పూర్తయిందో లేదో చూడకుండానే నేను, "అలా అనకూడదమ్మా, మీ నాన్న నీ కోసం ఎంత కష్టపడుతున్నాడో ఆలోచించావా?" అన్నాను. ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, "సరే మేడమ్" అంది. ఇంటికి వెళ్లి జ్ఞాపకం ఉన్నంతవరకు ఆ ఇరవై నిమిషాల సంభాషణను మాటకు మాటగా రాసుకుని చూస్తే, ఆమె "సరే మేడమ్" అని పదకొండుసార్లు అన్నట్లు తేలింది. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో ప్రతిపాదించిన సహానుభూతి, షరతులు లేని ఆదరణ, లోపలా బయటా ఒకటిగా ఉండడం గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసినదాన్ని. ఆ అమ్మాయి ఎదుట వాటిలో ఒక్కటీ నా నోటికి అందలేదు.

నన్ను మరింత కలవరపెడుతున్నది మరొకటి ఉంది. ఈ శిక్షణకు ముందు పిల్లలు నా దగ్గరికి చొరవగా వచ్చేవారు, నేను ఐదు నిమిషాల్లో ధైర్యం చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు ప్రతి మాటనూ తూచుకుంటూ మధ్యలో ఆగిపోతున్నాను. ఉన్నది కూడా పోగొట్టుకుంటున్నానేమో అనిపిస్తోంది. ఇలాంటి స్థితిలో "ఎదిగాను" అని నిజాయితీగా ఎలా రాయగలను? అసలు ఏది చూసి ఎదుగుదల అనుకోవాలి? ఈ దారిలో ముందు నడిచినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

సమాధానం 1: పాఠశాల కౌన్సెలర్, విశాఖపట్నం

మేడమ్ గారూ, మీరు ఆ "సరే మేడమ్"లను లెక్కపెట్టారు చూడండి, మీ నివేదిక అక్కడే మొదలైంది. శిక్షణకు ముందు కూడా పిల్లలు మీతో "సరే" అనే ఉంటారు. అప్పుడు అది ఒప్పుకోలుగా వినిపించింది, ఇప్పుడు తలుపు మూసుకున్న చప్పుడుగా వినిపిస్తోంది. పిల్ల మారలేదు, మీ చెవి మారింది.

వెనక్కి పోతున్నాననే భావన గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి ఉపాధ్యాయులు ఈ దశలోనే నిరుత్సాహపడి శిక్షణను మొక్కుబడిగా ముగించడం చూశాను. కౌన్సెలర్ల ఎదుగుదలను స్టోల్టెన్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త దశలుగా వర్ణించారు. మొదటి దశలో మన దృష్టి అంతా మన మీదే ఉంటుంది: సరిగా కూర్చున్నానా, సరైన ప్రశ్న వేశానా, తరువాత ఏం అనాలి అనే ఆందోళన. రెండో దశలో దృష్టి ఎదుటివారి వైపు పూర్తిగా మొగ్గి, వారి బాధలో మనం కొట్టుకుపోతాం. ఒకరోజు ఉత్సాహం, మరొకరోజు నీరసం. ఎదుటివారినీ మనల్నీ ఒకే సమయంలో గమనించగలగడం ఆ తరువాతి దశ. మూడు నెలల ఇంటర్న్‌షిప్‌లో చివరి దశకు చేరాలని ఎవరూ ఆశించరు. ఇప్పుడు మీకు నోరు పెగలకపోవడం మొదటి దశకు సహజమైన లక్షణం. పాత అలవాటు వదిలింది, కొత్తది ఇంకా చేతికి రాలేదు.

ఇక డైరీ సంగతి. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు సంభాషణలోంచి పది నిమిషాల భాగాన్ని మాత్రం మాటకు మాటగా రాయండి, అది కూడా మాట్లాడిన అరగంటలోపే. రాత్రికి మన జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుంది. కుడివైపు, మీరు పలికిన ప్రతి వాక్యానికి ఎదురుగా, ఆ క్షణంలో మీ మనసులో ఏముందో రాయండి. "నాకు జాలి కలిగింది" అని రాస్తే సరిపోదు. "ఈ పిల్ల బడి మానేస్తే ప్రధానోపాధ్యాయులు నన్నే అడుగుతారని భయపడ్డాను" అనిపించి ఉంటే అదే రాయాలి. అమెరికాలో నార్మన్ కేగన్ 1960లలో రూపొందించిన పద్ధతిలో సంభాషణను రికార్డు చేసి, శిక్షణార్థి దాన్ని మళ్లీ చూస్తూ మనసు కదిలిన ప్రతిచోటా ఆపి మాట్లాడేవారు. మన బడుల్లో పిల్లల మాటలను రికార్డు చేయడానికి పిల్లల సమ్మతి, తల్లిదండ్రుల అనుమతి రెండూ కావాలి కాబట్టి, మడిచిన కాగితమే మనకు అందుబాటులో ఉన్న సాధనం. అందులో పేరు, ఊరు, కులం, తరగతి సెక్షను రాయకండి. డైరీ స్టాఫ్‌రూమ్ బల్ల మీద మరచిపోయినా ఆ పిల్ల ఎవరో తెలియకూడదు.

నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం ఒకటి ఉంది. శిక్షణ కాలంలో ఒక అబ్బాయి "ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అంటే, నమ్మకం కలిగించాలన్న ఆత్రంలో "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చేశాను. ఆ తరువాత అతను చెప్పినది దాచిపెట్టడానికి వీలులేని విషయం. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందే. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. చట్టాన్ని పాటించాను, కానీ ఆ అబ్బాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాతోనే ఉంది. తప్పు చట్టానిది కాదు, నేను ముందే ఇచ్చిన మాటది. అప్పటి నుంచి ప్రతి మొదటి సమావేశంలోనూ, "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది నాన్నా, కానీ నీకో మరొకరికో ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం కాపాడగలిగినవాళ్లకి చెబుతాను, అలా చెప్పేముందు నీతో మాట్లాడతాను" అంటున్నాను. ఈ వాక్యాన్ని తడబడకుండా, కాగితం చూడకుండా, పిల్ల కళ్లలోకి చూసి చెప్పగలిగిన రోజు మీ డైరీలో తేదీతో సహా రాసుకోండి.

సమాధానం 2: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఖమ్మం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ సలహా ఇవ్వడమే తప్పు అన్న అభిప్రాయం కలగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పదో తరగతి పిల్లవాడు వచ్చి, పాలిసెట్ రాయాలా, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేయాలా అని అడిగితే, "నీకేమనిపిస్తోంది?" అని ఎదురు ప్రశ్న వేసి ఊరుకోవడం అన్యాయం. పదో తరగతి తరువాత ట్రిపుల్ ఐటీలో చేరితే ఆరేళ్ల చదువని, మీ జిల్లా పిల్లలకు ఒంగోలులోనే ఒక ప్రాంగణం ఉందని, మా తెలంగాణలో బాసర ఉందని వాడికి తెలియాలి. అది గైడెన్స్. "నాకు చదవాలని లేదు" అన్న అమ్మాయికి కావలసింది సమాచారం కాదు. ఏ పిల్ల ఏది అడుగుతోందో పోల్చుకోవడం అలవడిందా లేదా అన్నది కూడా మీ నివేదికలో చూసుకోవలసిన అంశమే.

మరొక విషయం, ఇది మా తరం ఉపాధ్యాయులు పట్టించుకోనిది. మార్కుల రిజిస్టరు చేతిలో ఉన్న మనిషికి పిల్లలు మనసు విప్పడం కష్టం. వీలైతే మీరు పాఠం చెప్పే తరగతి పిల్లలను కౌన్సెలింగ్‌కు తీసుకోకండి. తప్పనిసరైతే స్టాఫ్‌రూమ్‌లో కాకుండా, బయటివారికి కనిపిస్తూ మాట వినిపించని చోట కూర్చోండి. మా పాఠశాలలో గ్రంథాలయం కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయించాను. తోటి ఉపాధ్యాయులు మంచి మనసుతోనే "ఏం చెప్పిందేమిటి ఆ అమ్మాయి?" అని అడుగుతారు. అప్పుడు మీరు ఏమన్నారో డైరీలో రాయండి. పిల్లల ముందు ఎంత నేర్పుగా ఉన్నా, టీ తాగుతూ నోరు జారితే ఆ నేర్పుకు విలువ లేదు.

విశాఖలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించాలని మార్గదర్శకాల్లో చెప్పింది. సంస్థలు నియామకాలు చేస్తాయి. ఆ కుర్చీలో కూర్చునే మనిషి తయారయ్యేది మాత్రం మీరిప్పుడు పడుతున్న ఈ యాతనలోనే.

సమాధానం 3: స్కూల్ కౌన్సెలింగ్ ఎంఏ విద్యార్థిని, న్యూజెర్సీ

నేను కూడా ఇంటర్న్‌షిప్‌లోనే ఉన్నాను. ఇక్కడ గుర్తింపు పొందిన కోర్సుల్లో 100 గంటల ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కు ముందు చేసే తొలి ఆచరణ శిక్షణ), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఆ 600లో కనీసం 240 గంటలు విద్యార్థులతో నేరుగా గడిపినవై ఉండాలి. వారానికి సగటున ఒక గంట వ్యక్తిగత పర్యవేక్షణ, గంటన్నర బృంద పర్యవేక్షణ కూడా ఉంటాయి. మొదట్లో నేను గంటల పట్టికను నింపడమే ఎదుగుదల అనుకున్నాను.

మా పాఠశాలలో ఒక తెలుగు కుటుంబంతో సమావేశం జరిగింది. నన్ను చూడగానే ఆ తల్లి ప్రాణం లేచివచ్చినట్టు తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టారు. "బీ గ్రేడ్ వచ్చిందమ్మా, ఇంక దీని గతేమిటో" అన్నారు. నేను తల ఊపాను. పక్కనే కూర్చున్న పిల్ల ఆ తల ఊపడం చూసింది. తరువాతి వారం నా దగ్గరికి రాలేదు. బృంద పర్యవేక్షణలో ఈ సంగతి చెప్పినప్పుడు, "ఆ క్షణంలో మీరు ఎవరి కూతురుగా కూర్చున్నారు?" అని ఒక సహాధ్యాయిని అడిగింది. సమాధానం చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. మా ఇంట్లో నా మార్కుల కార్డు తెరిచినప్పుడు ఉండే నిశ్శబ్దమే ఆ గదిలో నాకు వినిపించిందని అప్పుడు తెలిసింది.

మీ పర్యవేక్షకురాలు అడిగిన "మీరెక్కడ?" అన్న ప్రశ్న ఇదేనని నాకు అనిపిస్తోంది. మీరు ఆ అమ్మాయితో "మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూసుకోగలరా?

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే కాగితం మడిచి రాసి చూశాకే మాట్లాడాలనుకున్నాను.

పాత సంభాషణకే కుడివైపు రాయడానికి కూర్చున్నాను. "మీ నాన్న" అన్న వాక్యానికి ఎదురుగా చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చివరకు రాసినది ఇది: మా అక్కను ఎనిమిదో తరగతితో మాన్పించి, ఆ డబ్బుతో మా నాన్న నన్ను చదివించాడు. చదువు వద్దనే పిల్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది ఆ అమ్మాయి మీద కోపం కాదు. పదహారేళ్లుగా తరగతి గదిలో నేను పిల్లలకు చెప్పిన ధైర్యంలో ఈ కోపం ఎంత కలిసి ఉందో ఆలోచిస్తున్నాను.

మొన్న ఆమెతో మళ్లీ కూర్చున్నాను, ఈసారి వరండా చివర. ముందుగా గోప్యత గురించి చెప్పాను. రెండుసార్లు తడబడ్డాను కానీ పూర్తి చేశాను. ఆమె "చదవాలని లేదు" అని మళ్లీ అన్నప్పుడు, "లేదు" అని మాత్రం అని ఆగాను. గోడ మీది గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు ఆమె, "చదవాలని లేక కాదు మేడమ్, పొద్దున్నే తమ్ముడిని ఎవరు చూస్తారు?" అంది. ఆ సంభాషణలో "సరే మేడమ్" మూడుసార్లు మాత్రమే ఉంది. ఈ రెండు పేజీలను, కొట్టివేతలతో సహా, నివేదికకు జతచేస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. నా ఇంటర్న్‌షిప్ ఇంకో ఇరవై నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్న పిల్లకు ఆ సంగతి ఎలా చెప్పాలి?

సమాధానం 1 రాసిన వారి నుంచి

ఈ వారమే చెప్పండి, చివరి రోజు దాకా ఆగవద్దు. ఇంకా ఎన్నిసార్లు కలుస్తారో ఆమెకు లెక్క తెలియాలి. మీ తరువాత ఎవరితో మాట్లాడాలో ఆమెనే అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆ ఉపాధ్యాయినిని చివరి రెండు సమావేశాల్లో ఒకదానికి పిలవండి. తమ్ముడి విషయం అంగన్‌వాడీ కార్యకర్తతో మాట్లాడదగినదేమో, అది కూడా ఆమె అనుమతితోనే, ఈలోపే చూడండి.