పెద్దవాళ్ళతో బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో వారం రోజులు కాటమరాన్: కుదురుతుందా?

డాలస్ గోదారోడు:
నమస్తే అండీ. డిసెంబరులో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. మేమిద్దరం, మా తోడల్లుడు వాళ్ళిద్దరూ, ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళు కలిపి ఎనిమిది మందిమి. క్రిస్మస్‌కి బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని పెద్ద దీవి టోర్టోలాలో నాలుగు గదుల కాటమరాన్ (రెండు పొట్టల తెరచాప పడవ) అద్దెకి తీసుకుందామని ఆలోచన. మా తోడల్లుడు ఇక్కడి చెరువులో సెయిలింగ్ నేర్చుకున్నాడు. కెప్టెన్ ఎందుకు, డబ్బు దండగ అంటున్నాడు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అమ్మకి బయటి తిండి పడదు. వెళ్ళొచ్చా?

ఎడిసన్ పులిహోర:
ముందు పాస్‌పోర్టులో వీసా స్టాంపు చూసుకోండి. హెచ్1బి (ఉద్యోగ వీసా) స్టాంపు అయిపోయినా, ఐ-94 (అమెరికాలో ఉండే గడువు రాసిన రికార్డు) నడుస్తుంటే, కెనడా, మెక్సికో 30 రోజుల లోపు వెళ్ళిరావచ్చు. ఈ దీవులకి ఆ వెసులుబాటు మనకు లేదు, ఎఫ్ (చదువు), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్ళకే. టోర్టోలా బ్రిటిష్ వాళ్ళది. వెళ్ళడం తేలికే, తిరిగొచ్చేటప్పుడు ఇరుక్కుంటారు. స్టాంపు లేకపోతే అమెరికా వైపున్న సెయింట్ థామస్, సెయింట్ జాన్ మధ్యనే తిరగండి. అక్కణ్ణుంచి వచ్చేటప్పుడూ ఎయిర్‌పోర్టులో కాగితాలు చూస్తారు, దగ్గర పెట్టుకోండి.

టాంపా తాతగారు:
బాబూ, పుట్టింది వైజాగ్‌లో, పదవీ విరమణ తర్వాత పడవల పిచ్చి పట్టింది. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

కెప్టెన్‌ని పెట్టుకోండి. మీ తోడల్లుడి చేతకానితనం గురించి కాదు. ఆ దీవుల మధ్య నీటిదారి ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్‌లో ఏ దీవి నుంచి చూసినా పక్క దీవి కనిపిస్తుంది, దారి తప్పే భయం లేదు. ఇబ్బందల్లా సాయంత్రం పడవ కట్టేటప్పుడే. గాలి పక్కకి తోస్తుంటే ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు ముందు వంగి కొక్కెం కర్రతో మూరింగ్ బాల్ (పడవ కట్టుకోవడానికి సముద్రం అడుగుకి బిగించిన తేలే బంతి) తాడు అందుకోవాలి. ఆ తాడు ఉచ్చులోంచి రెండు వైపులా రెండు వేరు వేరు తాళ్ళు కట్టాలి. ఒకే తాడు ఈ కొస నుంచి ఆ కొసకి దూర్చేస్తే రాత్రంతా ఒరుసుకుని తెల్లారేసరికి పీచులు తేలుతుంది. ఇదంతా మీ నాన్నగారు "ఒరేయ్ జాగ్రత్త" అంటుండగా చెయ్యాలి.

అయితే కెప్టెన్‌కి ఒక గది ఇవ్వాలి, భోజనం మీదే. అంటే మీకు మిగిలేవి మూడు గదులు, పిల్లలు మధ్య హాల్లో పడుకోవాలి. ఈ లెక్క ఇంట్లో ముందే తేల్చుకోండి. చివర్లో కెప్టెన్‌కి టిప్పు ఇవ్వడం కూడా ఆనవాయితీ.

సమయం మాత్రం నాకు నచ్చలేదు. డిసెంబరు చివర, జనవరిలో అక్కడ 'క్రిస్మస్ విండ్స్' అని ఈశాన్య గాలి గట్టిగా వీస్తుంది, రోజుల తరబడి తగ్గదు. అద్దె కూడా అప్పుడే ఎక్కువ. వీలైతే ఏప్రిల్ చివరికి జరపండి. జూన్ నుంచి నవంబరు దాకా మాత్రం తుఫాన్ల కాలం. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను ఆ దీవుల్ని ఊడ్చిపెట్టేసింది.

రోజుకి రెండు మూడు గంటలకి మించి ప్రయాణం పెట్టుకోకండి. మొదటి రాత్రికి నార్మన్ ఐలాండ్ చాలు, మధ్యాహ్నానికల్లా చేరితే బాల్ దొరుకుతుంది. వర్జిన్ గోర్డా దీవిలో 'ది బాత్స్' చూడాల్సిందే, ఇల్లంత గ్రానైట్ బండలు, వాటి కింద నీటి మడుగులు. కానీ నిచ్చెనలు, తాళ్ళు పట్టుకుని దూరాలి. మోకాళ్ళ నొప్పులకి పనికిరాదు. నాన్నగారిని ఆ దీవిలోని స్పానిష్ టౌన్ నుంచి టాక్సీలో కొండ మీదికి పంపండి, పైనుంచి చూస్తారు. ఉత్తరం నుంచి అలలు లేస్తే బాత్స్ దగ్గర ఎర్ర జెండా వేస్తారు, ఆ రోజు ఈత లేదు. అనెగాడా దీవి మాత్రం పెద్దవాళ్ళున్నప్పుడు వదిలెయ్యండి. పగడపు దిబ్బల మధ్యగా చేరాలి, మధ్యలో సముద్రం బాగా ఊపుతుంది.

ఇంకోటి, పడవలో టాయిలెట్ గొట్టం సన్నం. కాగితం కూడా వెయ్యకూడదు. చెంబు తీసుకెళ్ళండి, వెనకాల మెట్ల దగ్గర మంచినీళ్ళ షవర్ ఉంటుంది కానీ ట్యాంకు నీళ్ళు పొదుపుగా వాడాలి. గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో తోమి, ఆఖరికి మంచినీళ్ళు చల్లండి.

డాలస్ గోదారోడు:
తాతగారూ, ధన్యవాదాలు. స్టాంపులన్నీ ఉన్నాయి. ఏప్రిల్ అంటే అమ్మానాన్న ఉంటారు, పిల్లల బడే సమస్య. తోడల్లుడికి మూరింగ్ సంగతి చదివి వినిపించా, కాస్త మెత్తబడ్డాడు. కుక్కర్ తీసుకెళ్ళొచ్చా? అమ్మ అదొక్కటే అడుగుతోంది.

టాంపా తాతగారు:
నిక్షేపంగా. చాలా పడవల్లో గ్యాస్ పొయ్యే ఉంటుంది. మూడు లీటర్లది చాలు, పెద్దది ఆ పొయ్యి కమ్మీల మధ్య కుదురుకోదు. పడవ కట్టేశాకే వండమనండి, నూనె మూకుడు మాత్రం వద్దు. పప్పు, కందిపొడి, ఊరగాయ ఇంటి నుంచే సర్దుకోండి. పెరుగు, కూరగాయలు టోర్టోలాలోని రోడ్ టౌన్‌లో దొరుకుతాయి, ధర చూసి గుండె పట్టుకోకండి.