చికెన్ బర్గర్ ఇంట్లో చేస్తే ప్యాటీ ఎండిపోతోంది, కొవ్వు పెంచకుండా దారి ఉందా?

మియాపూర్_వంటిల్లు:
మా వారికి ఈసారి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) ఎక్కువొచ్చాయి, పిల్లలేమో ఆదివారం వచ్చిందంటే బర్గర్ అని ఒకటే గొడవ. అందుకని స్కిన్‌లెస్ బ్రెస్ట్ కీమా తెచ్చి ఇంట్లోనే చేస్తున్నా, నూనె కూడా పెనం మీద ఒక్క చెంచాడే. కానీ ప్యాటీ గట్టిగా రబ్బరులా వస్తోంది, అది మింగుడుపడక పిల్లలు మాయో (మయొనైజ్) ఇంకా వెయ్యమంటున్నారు. ఎయిర్ ఫ్రయర్ కొంటే బాగుపడుతుందా?

పెనం_రాజా:
దానికోసం డబ్బులు తగలెయ్యకండి అక్కా. చెంచా నూనె అంటే 40 కాలరీలు, మీకు మిగిలేది అంతే, పైగా ఆ వేడిగాలికి బ్రెస్ట్ ఇంకా ఎండుతుంది.
మీరు కీమాలో ఉప్పు ముందే వేసి బాగా పిసుకుతున్నారా? ఉప్పుకి మాంసంలోని ప్రొటీన్ కరిగి జిగురులా పట్టేస్తుంది, సాసేజ్‌కి అదే కావాలి, బర్గర్‌కి వద్దు. అందుకే అల్లంవెల్లుల్లి, మిరియాలు, తురిమిన ఉల్లిపాయ, సన్నగా తరిగిన మష్రూమ్స్ తేలిగ్గా కలిపి ప్యాటీలు ఒత్తాక, పెనం మీద వేసే ముందు పైన ఉప్పు చల్లండి. లోపల 74 డిగ్రీలు వస్తే చికెన్ ఉడికినట్టే, ఆ తర్వాత పెనం మీద ఉంచిన ప్రతి నిమిషం ఎండబెట్టడమే. థర్మామీటర్ ఎయిర్ ఫ్రయర్ కంటే చాలా చవక.
ఇంకోటి, కీమా కళ్ళముందే కొట్టించుకోండి. రెడీగా ఉన్నదాంట్లో తొక్క ఎంత కలిసిందో ఎవరికి తెలుసు.

పుదీనా_పెరుగు:
అందరూ ప్యాటీ గురించే మాట్లాడతారు గానీ అసలు కొవ్వు మాయోలో ఉంది. ఒక టేబుల్ స్పూన్‌కి సుమారు 10 గ్రాములు, వంద గ్రాముల స్కిన్‌లెస్ బ్రెస్ట్‌లో అందులో సగం కూడా ఉండదు. ఎగ్‌లెస్ అని రాసినా చాలావరకు నూనే. 2024 అక్టోబర్‌లో పచ్చిగుడ్డు మాయోని మన తెలంగాణలో ఏడాదిపాటు నిషేధించారు కదా, అప్పట్నుంచీ మా ఇంట్లో గడ్డపెరుగే. తక్కువ కొవ్వు పాల పెరుగు గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీసి, పొద్దున వెల్లుల్లి, పుదీనా, నిమ్మరసం, కాస్త ఆవపొడి. ఆవపొడి మానకండి, మాయో ఘాటు దాంతోనే వస్తుంది.

టోలీచౌకి_తవా:
హైదరాబాద్‌లో ఉండి ఇంత కష్టమెందుకండీ, శికంపురీ కబాబ్ చెయ్యండి! కొవ్వు తీసేసిన రాన్ (తొడ) మటన్‌ని సెనగపప్పు, అల్లంవెల్లుల్లి, గరం మసాలాతో నీళ్ళు ఇంకిపోయేదాకా ఉడికించి రుబ్బుతాం, పప్పే పట్టి ఉంచుతుంది కాబట్టి కొవ్వుతో పనిలేదు. మధ్యలో గడ్డపెరుగు, ఉల్లిపాయ, పుదీనా పెట్టి మూసి పెనం మీద కాల్చడమే. సాస్ లోపలే ఉంది, ఇంక మాయో అడిగేదెవరు?

పెనం_రాజా:
భాయ్, రుచికి తిరుగులేదు, కానీ బన్నులో పెట్టి కొరికితే మెత్తగా పక్కల నుంచి జారిపోతుంది. బన్ను కోసమైతే లోపల పెరుగు పెట్టకుండా శామీ కబాబ్‌లా చేసి, పెరుగు విడిగా రాయడం మేలు.

టోలీచౌకి_తవా:
జారితే ప్లేట్‌లో పడుతుంది, చేత్తో తినెయ్యొచ్చు 😄 సరే, పిల్లలకైతే శామీనే.

మియాపూర్_వంటిల్లు:
ఉప్పు సంగతి ఎవరూ చెప్పలేదు, నేను మిక్సీలోనే వేసి తిప్పుతున్నా. మా అత్తయ్య మాంసం ముట్టరు, ఆవిడకి కూడా ఒకటి చెప్పండి. బన్ను గోధుమది వాడొచ్చా?

పుదీనా_పెరుగు:
అత్తయ్యగారికి మీల్ మేకర్ గ్రాన్యూల్స్ బెస్ట్, నూనె తీసేసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి కొవ్వు నామమాత్రం. వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండండి, లేకపోతే ఆ వాసన పోదు. ఉడికించిన రాజ్మా కాస్త మెదిపి, ఓట్స్ పొడితో కలిపితే ప్యాటీ విడిపోదు. పెనం, గరిటె వేరేవి పెట్టండి, ఆవిడ కనిపెట్టేస్తారు.
బన్ను రంగు చూసి గోధుమ అనుకోకండి, కవర్ వెనక మొదటి పేరు మైదా అని ఉంటే అది మైదా బన్నే. ప్యాటీలు ఒకేసారి ఎక్కువ చేస్తే మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కాల్చే ముందు రాత్రి కింద అరలోకి మార్చాలి, బయట గట్టు మీద పెట్టి కరిగించొద్దు.