నెల్లూరు నుంచి సూర్యలంక దాకా సముద్రం పక్కనే కారులో పోవచ్చా?

వేదాయపాళెం వాసి:
సంక్రాంతి అయిపోయిన వారంలో బెంగళూరు నుంచి మా అక్కా బావా పిల్లలతో వస్తున్నారు. అమ్మానాన్నలతో కలిపి ఏడుగురం, పెద్ద బండి మాట్లాడుకున్నాం. నెల్లూరులో బయలుదేరి మైపాడు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు, చీరాల మీదుగా సూర్యలంక దాకా పోయి రావాలని ప్లాను, దారిలో రెండు రాత్రులు. మా బావకి విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు తెగ నచ్చింది, మన వైపు కూడా అలాగే సముద్రాన్ని చూస్తూ పోదాం, సాయంత్రం ఎక్కడో ఒకచోట నీళ్ళలో సూర్యుడు దిగడం చూద్దాం అంటున్నాడు. అలాంటి రోడ్డు ఉందా? రాత్రిళ్ళు ఎక్కడ ఆగితే మంచిది? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇసుకలో ఎక్కువ దూరం నడవలేదు. ఇద్దరు పిల్లలకీ పదేళ్ళ లోపే.

పెన్నా గట్టు:
ముందు మీ బావకి ఒక మాట చెప్పండి. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు అందులోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు. నీళ్ళ మీద అస్తమయమే కావాలంటే అటు కాదు, దక్షిణాన పులికాట్‌కి పోవాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. జనవరిలో నీళ్ళుంటే రెండు పక్కలా రాజహంసలు కనిపిస్తాయి, ఇస్రో వాళ్ళ షార్ గేటు దాకా పోయి వెనక్కి తిరిగితే ఎర్రటి పొద్దు మీ ఎదురుగానే నీళ్ళ మీద ఉంటుంది. పొద్దున దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు చూసుకుని, మధ్యాహ్నం పైన పులికాట్ చేరితే సరిపోతుంది. రాత్రికి నెల్లూరు ఇంటికే రావచ్చు, రూము ఖర్చు లేదు. దీన్ని సూర్యలంక ట్రిప్పులో కలపకండి, విడిగా ఒక రోజు పెట్టుకోండి.

ఇక రోడ్డు సంగతి. భీమిలి లాంటిది మన దగ్గర లేదు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్నది హైవే ఒక్కటే, దాని మీద నుంచి సముద్రం ఎక్కడా కనపడదు. మధ్యలో బకింగ్‌హామ్ కాలువ, దాని చుట్టూ రొయ్యల గుంటలు, ఉప్పుటేర్లు, ఆ తర్వాత సరుగుడు తోటలు, వాటికి అవతల ఇసుక. మద్రాసు నుంచి కృష్ణా కాలువల దాకా పోయే కాలువ అది, 1877-78 కరువులో కూలి పనులు పెట్టి కొంత ముక్క తవ్వించారు, ఇప్పటికీ తీరం పల్లెలకి పోవాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట దాటాల్సిందే. అందుకని హైవేలో పోవడం, నచ్చిన చోట కుడికి తిరిగి సముద్రం చూసుకుని మళ్ళీ హైవే ఎక్కడం, ఇదొక్కటే పద్ధతి.

కావలి కుర్రోడు:
పైన చెప్పింది నిజం. ఒక్క జాగ్రత్త చెబుతాను, ఫోన్‌లో మ్యాపు ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి తీరం వెంబడి దగ్గర దారి చూపిస్తుంది, నమ్మొద్దు. సగం చోట్ల అది రొయ్యల గుంటల మధ్య మట్టికట్ట, ఎదురుగా మేత బస్తాల ఆటో వస్తే మీ పెద్ద బండిని అర కిలోమీటరు రివర్సులో తీయాలి, పక్కన నీళ్ళు, ఆ టెన్షన్ పిల్లలతో మనకెందుకు.

మైపాడు మీ ఇంటికి పాతిక కిలోమీటర్లే, ఎప్పుడైనా పోవచ్చు, ఈ ట్రిప్పులో వదిలేయండి. కావలిలో తుమ్మలపెంట బీచ్ చూడండి. రామాయపట్నం వైపు పోర్టు పనుల లారీలు, ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు. ఉలవపాడులో మామిడి తోటలున్నాయి గానీ జనవరిలో పూత తప్ప కాయ ఉండదు, దానికోసం మేలో రండి.

కొత్తపట్నం రోడ్డు:
రాత్రిళ్ళ గురించి నా మాట: మొదటి రాత్రి చీరాల, రెండో రాత్రి కూడా చీరాలే. సామాను ఒక్కసారే దించుతారు, అమ్మగారికీ హాయి. ఓడరేవు బీచ్ అక్కడికి ఆరేడు కిలోమీటర్లు, రామాపురం పక్కనే, బాపట్ల మీదుగా సూర్యలంక కూడా గంట లోపే. (2022లో జిల్లాలు మార్చాక చీరాల మా ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది, మాకు మాత్రం ఇంకా మాదే.) లాడ్జి ఫోటోలు చూసి డబ్బు కట్టేయకుండా ఒకసారి ఫోన్ చేసి జనరేటర్ ఉందా, లిఫ్ట్ ఉందా అని అడగండి. ఒక చోట మాకు మూడో అంతస్తు ఇచ్చారు, మెట్లే గతి, మా నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించాం.

ఒంగోలు దాటాక త్రోవగుంట దగ్గర 216 హైవే పట్టుకోండి. ఈ ముక్క కొంచెం బాగుంటుంది, చినగంజాం దగ్గర ఉప్పు మడులు, వేటపాలెంలో జీడిపప్పు బట్టీలు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే. మోటుపల్లికి కూడా తిరగండి. కాకతీయుల కాలంలో పెద్ద రేవు అది, పరదేశి ఓడ వర్తకులకి గణపతిదేవుడు అభయమిచ్చిన శాసనం అక్కడిదే, మార్కోపోలో కూడా ఆ రేవుకి వచ్చాడంటారు. ఇప్పుడు చిన్న పల్లె, పాత గుడి. మీ బావకి చరిత్ర అంటే ఇష్టముంటేనే, లేకపోతే పిల్లలు విసుగుతారు.

పెన్నా గట్టు:
ఊళ్ళో పడుకుంటే ఇంక సముద్రం దగ్గరికి పోవడం ఎందుకండీ? సూర్యలంకలో టూరిజం వాళ్ళ రిసార్టు ఉందిగా, ఒక్క రాత్రయినా అలల చప్పుడు వింటూ పడుకోనివ్వండి పిల్లల్ని. శని ఆదివారాలు తప్పించి ముందే బుక్ చేసుకుంటే దొరుకుతుంది. మాఘ పౌర్ణమి దగ్గర్లో పడితే మాత్రం వద్దు, సముద్ర స్నానాలకి జనం విరగబడతారు.

కొత్తపట్నం రోడ్డు:
సరే, రెండో రాత్రి అలా కానివ్వండి. కానీ మొదటి రాత్రి చీరాలే. ఆ రోజుల్లో పొద్దు పొడిచేది ఆరూముప్పావుకి అటూఇటూ, ఆరుకి లేచి బయలుదేరినా ఓడరేవులో అందుతుంది. అప్పుడే అలివి వల లాగుతుంటే చూడండి. అటో వరస ఇటో వరస మనుషులు నడుముకి తాడు బిగించి వెనక్కి నడుస్తూ లాగుతుంటారు, ఒడ్డు చేరేటప్పటికి చివరి సంచిలో చిన్న చేపలు వెండి రేకుల్లా కొట్టుకుంటుంటాయి, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. పక్కనే ఆడవాళ్ళు కుప్పలు పోసి వేలంపాట పెడతారు. బేరం తెలిస్తే కొనండి, ఇంటి నుంచి మూత ఉన్న బకెట్టు తెచ్చుకోండి, ఐసు ఊళ్ళో దొరుకుతుంది.

ఈ బీచ్‌లలో ఎక్కడా మోకాలి లోతు దాటి పోనివ్వకండి. పైకి ప్రశాంతంగానే ఉంటుంది, లోపల గుంటలుంటాయి, ఏటా మునిగిపోతున్నారు. పోలీసులు వద్దన్న చోట వాదించకండి.

వేదాయపాళెం వాసి:
అందరికీ థాంక్స్. మొదటి రాత్రి చీరాల, రెండోది సూర్యలంక, పులికాట్‌కి విడిగా ఒక రోజు. అస్తమయం సంగతి బావకి చెబితే మ్యాపు తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఒక్కటే అడుగుతోంది, తిరుగు ప్రయాణంలో ఒంగోల్లో భోజనానికి ఆగితే అల్లూరయ్య మైసూర్‌పాక్ ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, బెంగళూరుకి పంపాలట.

కావలి కుర్రోడు:
నెయ్యిదే కాబట్టి నాలుగు రోజులకి ఏమీ కాదు. కానీ ఏడుగురున్న బండిలో పెడితే కావలి కూడా దాటదు, రెండు డబ్బాలు కొని ఒకటి డిక్కీలో బట్టల కింద పెట్టండి.