రోజుకి ఇరవై ఇంగ్లీష్ మాటలు బట్టీ పట్టినా అవసరానికి ఒక్కటీ నోటికి రావట్లేదు, అసలు ఎలా నేర్చుకోవాలి?

బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీ బీకాం, అది పేరుకే ఇంగ్లీష్ మీడియం, గైడు బట్టీ పట్టి పరీక్షలు రాసేశాం. ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నా, చేరి నాలుగు నెలలైంది. మా దగ్గరికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు, వాళ్ళకి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం, కాబట్టి మధ్యలో ఇంగ్లీషే దిక్కు.

అందుకని రోజుకి ఇరవై మాటల చొప్పున నోట్సులో రాసుకుంటున్నా. ఎడమవైపు ఇంగ్లీష్ మాట, కుడివైపు తెలుగు అర్థం. ఆరొందలు దాటాయి. అబండెంట్ అంటే సమృద్ధిగా, రిలక్టెంట్ అంటే ఇష్టం లేని, ఇలా నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ కౌంటర్‌లో కూర్చుని "చిల్లర ఉందా అండి", "ఆ వరసలో నిలబడండి" అని చెప్పాలంటే మాత్రం నోరు పెగలదు.

పోయిన నెల జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రాయ్‌పూర్ వైపు నుంచి ఒకాయన వాళ్ళమ్మని తీసుకొచ్చారు, రాత్రంతా ట్రైన్‌లో వచ్చి పొద్దున్నే కౌంటర్ దగ్గర నిలబడ్డారు. బ్లడ్ టెస్టుకి డబ్బు కట్టి "డజ్ షి హ్యావ్ టు ఫాస్ట్?" అని అడిగారు. నాకు ఫాస్ట్ అంటే తొందర అనే తెలుసు, గబగబా వెళ్ళాలా అని అడుగుతున్నారనుకుని "నో సార్, నో ఫాస్ట్" అన్నా. ఆయన ఆవిణ్ణి క్యాంటీన్‌కి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించారు. తర్వాత ల్యాబ్ వాళ్ళు పరగడుపున రావాలి, రేపు రండి అని తిప్పి పంపేశారు. ఆ పెద్దావిడ ఆ రాత్రి మా కింద హాల్లోనే దుప్పటి పరుచుకుని పడుకుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

నా పద్ధతిలో తప్పెక్కడుంది? మాటలు ఇంకా ఎక్కువ నేర్చుకోవాలా, లేక వేరే దారి ఏమన్నా ఉందా? దయచేసి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరమని మాత్రం చెప్పకండి, డ్యూటీ షిఫ్టుల్లో కుదరదు.

చాక్‌పీసు:

అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లా గవర్నమెంట్ హైస్కూళ్ళలో ఇంగ్లీష్ చెప్పి రిటైరైనవాణ్ణి. ముందు ఒక మాట, ఆ తప్పు నీ ఒక్కదానిది కాదు. పరగడుపున రావాల్సిన టెస్టు అయితే ఆ సంగతి బిల్లు మీదే అచ్చు వేసి ఉండాలి.

ఇక అసలు సంగతి. ఆయన అడిగింది నీకు తెలియని మాట కాదు తల్లీ. రోజుకి ఎన్నిసార్లు ఫాస్టింగ్ షుగర్ అని బిల్లు కొడుతున్నావో ఆలోచించు. ఆ ఫాస్టింగే ఆయన నోట్లో ఫాస్ట్ అయింది. ఫాస్ట్ అంటే ఏమీ తినకుండా ఉండటం. పొద్దున తినే బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నదీ అదే ఫాస్ట్, రాత్రి నుంచి ఉన్న ఉపవాసాన్ని విరవడం. నీకు బ్రేక్‌ఫాస్ట్ తెలుసు, ఫాస్టింగ్ షుగర్ తెలుసు, కానీ నోట్సులో ఫాస్ట్ ఎదురుగా వేగం అని ఒకటే రాసుకున్నావు, మూడూ మూడు చోట్ల ఉండిపోయాయి.

ఎడమవైపు ఒకటి కుడివైపు ఒకటి రాసుకోవడంలో ఉన్న చిక్కే ఇది. మన చూడు ఉంది కదా, ఇంగ్లీషులో దానికి మూడు మాటలు. బోర్డు వైపు చూడండి అంటే "లుక్ ఎట్ ది బోర్డ్". టీవీ చూడటం "వాచ్". డాక్టర్‌కి చూపించుకోండి అంటే "సీ ఎ డాక్టర్", అక్కడ షో అనకూడదు. చెప్పు కూడా అంతే, నాకు చెప్పండి అంటే "టెల్ మీ", ఆవిడ వద్దని చెప్పింది అంటే "షి సెడ్ నో". సే పక్కన నేరుగా మీ అని పెట్టి "సే మీ" అంటే కుదరదు. ఇవి అర్థాల పట్టికలో ఎప్పటికీ దొరకవు, వాక్యంలోనే దొరుకుతాయి.

2004లో హైదరాబాద్ సీఫెల్‌లో, అదే ఇప్పటి ఇఫ్లూ, ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ, అక్కడికి ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు మైకేల్ వెస్ట్ సంగతి మొదటిసారి తెలిసింది నాకు. ఆయన అప్పటి బెంగాల్‌లో, ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేసినాయన, మనలాంటి పిల్లలకి ఇంగ్లీష్ ఎలా చెప్పాలని ఏళ్ళ తరబడి తలబద్దలు కొట్టుకున్నాడు. 1953లో ఒక జాబితా వేశాడు, సుమారు 2,000 మాటలు, చాలా రోజువారీ రాతకోతలు వీటితోనే గడిచిపోతాయని. గెట్, టేక్, పుట్, కీప్ లాంటి రోజూ వాడే చిన్న మాటలు అందులో ఉన్నాయి. నీ అబండెంటు, రిలక్టెంటు తర్వాత చూసుకోవచ్చు. నాకు నచ్చిన విషయం ఏంటంటే ఆయన ఒక్కో మాటకి ఉన్న అర్థాల్లో ఏది ఎక్కువగా వాడతారో కూడా లెక్క చూపించాడు. ఫాస్ట్ లాంటి మాట దగ్గర అదే కదా కావాల్సింది.

ఈ వారం కొత్త మాట ఒక్కటి కూడా ముట్టుకోకు. కౌంటర్‌లో రోజూ నువ్వు తెలుగులో అనే వాక్యాలు పది రాసుకో, వాటినే ఇంగ్లీషులోకి తెచ్చుకో. రాసి ఇక్కడ పెట్టు, నేను చూస్తా.

కరీంనగర్ కాకా:

చెల్లె, సార్ జెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఎనిమిది చదివి దుబాయ్ పోయిన, ఏడేండ్లు సూపర్ మార్కెట్ల కౌంటర్ మీద పనిచేసిన. పోయిన కొత్తల యెస్, నో, థ్యాంక్యూ తప్ప ఇంకేం రావు. మా రూమ్‌ల ఉన్న మలయాళీ ఒక ముచ్చట జెప్పిండు, అర్థం కోసం చూడకు, పక్క కౌంటర్ ఆమె ఏమంటుందో చెవులు రిక్కించి విను, రాత్రికి మూడు మాటలు రాసుకో, తెల్లారి అవే మూడు అను అన్నడు. గంతే. పక్క కౌంటర్‌ల ఫిలిప్పీన్స్ ఆమె ఉండె, "ఎనీథింగ్ ఎల్స్, సర్?" అనేది, "వుడ్ యు లైక్ ఎ బ్యాగ్?" అనేది. నేను ఎల్స్ అంటే ఏందో ఎరుక లేకుండనే నెల రోజులు అన్న, అనంగ అనంగ అర్థం దానంతట అదే తెలిసొచ్చింది.

ఒకటి మస్తు పనికొచ్చింది నాకు. సరుకు అయిపోయింది అని చెప్పాల్నంటే నేను "ఫినిష్, ఫినిష్" అనేటోణ్ణి. ఆమె ఏమనేదంటే "వి రాన్ ఔట్ ఆఫ్ ఇట్". రన్ అంటే ఉరుకుడు, ఔట్ అంటే బయట, ఆ రెండు కలిస్తే అయిపోవుడు ఎట్లయితదని డిక్షనరీ పట్టుకొని కూసుంటే తెల్లార్లు కూసున్నా తెల్వది, విని అనుడే. నీకు చిల్లర లేకపోతె "వి'వ్ రన్ ఔట్ ఆఫ్ చేంజ్" అను, సరిపాయె.

ఇంకోటి, మనకు అప్పు అనేది ఒక్కటే మాట, తెచ్చుకున్నా అప్పే, ఇచ్చినా అప్పే. వాళ్ళకు తెచ్చుకునేది బారో, ఇచ్చేది లెండ్. "కెన్ ఐ బారో యువర్ పెన్?" అని అడగాలె. నేను రెండేండ్లు "బారో మి యువర్ పెన్" అనుకుంటనే తిరిగిన, ఎవ్వరు జెప్పలే. మంచిగ జెప్పేటోడు ఒక్కడు పక్కన ఉండాలె చెల్లె, నీకైతే సార్ దొరికిండు, వదలకు.

అట్టపెట్టె:

నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమీ అనుకోవద్దు. బట్టీ పట్టడమే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ, నేను ఒప్పుకోను. మాట గుర్తే లేకపోతే వాక్యం ఎక్కడినుంచి వస్తుంది. నేను బ్యాంక్ పరీక్షలకి మూడేళ్ళు ప్రిపేర్ అయ్యా, లిస్టులే నన్ను గట్టెక్కించాయి. కాకపోతే లిస్టు చదివే తీరు మారాలి. ఆరొందల మాటలు రోజూ మొదటి పేజీ నుంచి తిరగేస్తే వచ్చినవే మళ్ళీ మళ్ళీ వస్తాయి, రానివి అలాగే ఉండిపోతాయి.

లైట్నర్ అని జర్మన్ ఆయన 1972లో ఒక డబ్బా పద్ధతి రాశాడు. నేను దాన్నే చెప్పుల అట్టపెట్టెలో చేశా, లోపల అట్టముక్కలతో ఐదు గళ్ళు. పాత శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి కార్డులు, దళసరిగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ కూడా ఉంటుంది. మొదటి గడిలోవి రోజూ చూడాలి, కార్డు మీది మాటకి అర్థం సరిగ్గా చెప్తే ఆ కార్డు రెండో గడికి, అక్కడ రెండు మూడు రోజులకోసారి చూస్తే చాలు, అలా ముందుకి పోయేకొద్దీ చూసే రోజుల ఎడం పెరుగుతుంది. తప్పు చెప్తే ఎంత దూరం వెళ్ళిన కార్డైనా సరే మళ్ళీ మొదటి గడిలోకి. ఫోన్‌లో కావాలంటే ఆంకీ అని యాప్ ఉంది, రోజుల లెక్క అదే చూసుకుంటుంది, కానీ చేత్తో రాసిన కార్డు నాకు ఎక్కువ గుర్తుండేది.

చాక్‌పీసు సార్ చెప్పిన దాంట్లో ఒకటి మాత్రం తీసుకుంటా, కార్డు మీద ఒంటరి మాట రాయకుండా వాక్యం రాసి మాట దగ్గర గీత పెట్టు. "షి హ్యాస్ టు ____ బిఫోర్ ది టెస్ట్." వెనకాల ఫాస్ట్.

డాలస్ వంటిల్లు:

తల్లీ నీ పోస్టు చదివి అమెరికాలో నా మొదటి ఏడాది అంతా కళ్ళ ముందు తిరిగింది. నాకు ఎదురైన ఇబ్బంది ఇంకో రకం, నేను ఇంగ్లీష్ మీడియమే, మాటలు తెలుసు, కానీ మన తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీష్ మాటలకి మన అర్థాలు వేరే ఉంటాయని ఇక్కడికి వచ్చేదాకా తెలీదు. ఆఫీసులో మొదటి నెల మీటింగ్‌లో ఒకాయన తన డిజైన్ చూపిస్తుంటే "ఐ హ్యావ్ ఎ డౌట్ ఎబౌట్ యువర్ డిజైన్" అన్నా. నా ఉద్దేశం ఒక సందేహం అడుగుదామని. ఆయన ముఖం మాడిపోయింది, వాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అంటే సరిపోయేది. కరెంట్ పోయింది అంటే ఇక్కడ "పవర్ ఈజ్ ఔట్", షాపులో కవర్ అడిగితే అర్థం కాదు, బ్యాగ్ అనాలి. వంకాయకి బ్రింజాల్ అనరు, ఎగ్‌ప్లాంట్ అంటారు, బెండకాయ ఓక్రా.

నువ్వు హాస్పిటల్‌లో ఉన్నావు కాబట్టి ఇవి ముఖ్యంగా చూసుకో. మనం బీపీ ఉంది అంటాం, నిజానికి బీపీ అందరికీ ఉంటుంది, "షి హ్యాస్ హై బీపీ" అనాలి. షుగర్ ఉంది అంటే "షి హ్యాస్ డయాబెటిస్". పాసవుట్ అంటే మనకి కాలేజీ పూర్తవడం, ఇక్కడ ఎవరైనా "మై ఫాదర్ పాస్డ్ ఔట్" అంటే స్పృహ తప్పి పడిపోయారని, పరిగెత్తాలి. మీ కౌంటర్‌కి వచ్చేవాళ్ళు ఎక్కువ మనదేశం వాళ్ళే కాబట్టి మన వాడకం వాళ్ళకి అర్థమవుతుంది, అందుకని ఉన్నది మార్చేసుకోమని అనట్లేదు, రెండో అర్థం కూడా తెలిసుంటే మంచిదని.

ఇంకో మాట, నోట్సులో మాట పక్కన ఎలా పలకాలో తెలుగులో రాసుకో. డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి విని రాసుకో, స్పెల్లింగ్ చూసి ఊహించి రాయకు. కంఫర్టబుల్‌ని వాళ్ళు కంఫ్టబుల్ అన్నట్టు పలుకుతారు, వెజిటబుల్ వెజ్టబుల్.

బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. నాలుగు రోజుల నుంచి కొత్త మాటలు ఆపేశా. మా ఇంట్లో అక్క పెళ్ళి శుభలేఖలు మిగిలినవి ఉంటే కత్తిరించి కార్డులు చేశా. సార్ అడిగినట్టు వాక్యాలు రాశాను, పది కాలేదు, ఆరు అయ్యాయి. చూసి చెప్పండి సార్.

ఆ వరసలో వెయిట్ చేయండి: "ప్లీజ్ వెయిట్ ఇన్ దట్ లైన్."
రాత్రి పది తర్వాత ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు: "షి షుడ్ నాట్ ఈట్ ఎనీథింగ్ ఆఫ్టర్ టెన్ టునైట్. వాటర్ ఈజ్ ఓకే."
చిల్లర అయిపోయింది, ఫోన్‌పే చేస్తారా: "వి'వ్ రన్ ఔట్ ఆఫ్ చేంజ్. కెన్ యు పే బై ఫోన్?"
ఎన్ని రోజుల నుంచి జ్వరం వస్తోంది: "సిన్స్ హౌ మెనీ డేస్ ఫీవర్ ఈజ్ కమింగ్?"
ఇక్కడ సంతకం పెట్టండి: "కీప్ యువర్ సైన్ హియర్."
ఈ రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి: "కీప్ దిస్ రిసీప్ట్ సేఫ్లీ."

రెండోది నిన్న నిజంగానే ఒకావిడకి చెప్పా. ఆవిడ "ఆఫ్టర్ టెన్, ఓకే" అని తిరిగి చెప్పి వెళ్ళింది.

చాక్‌పీసు:

భేష్ తల్లీ. మొదటి మూడూ బాగున్నాయి, అలాగే ఉంచెయ్. రెండో దానికి మాత్రం ఏ టెస్టుకి ఎన్ని గంటలో ల్యాబ్ వాళ్ళని అడిగి కౌంటర్ దగ్గర పెట్టుకో, ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం ఎనిమిది గంటలు.

నాలుగోది మన తెలుగు వాక్యానికి ఇంగ్లీష్ చొక్కా తొడిగినట్టు ఉంది. మనకి జ్వరం వస్తుంది, ఆకలి వేస్తుంది, వాళ్ళకి జ్వరం ఉంటుంది, "షి హ్యాస్ ఎ ఫీవర్". ఎన్ని రోజుల నుంచి అని అడగాలంటే "హౌ లాంగ్ హ్యాస్ షి హ్యాడ్ ది ఫీవర్?" మొత్తం ఒకే ముక్కగా నోటికి పట్టించుకో, విడగొట్టి చూడకు ఇప్పుడే. జవాబు మూడు రోజుల నుంచి అయితే "ఫర్ త్రీ డేస్", సోమవారం నుంచి అయితే "సిన్స్ మండే". మన నుంచి రెండు చోట్లా పనిచేస్తుంది కాబట్టి మన పిల్లలందరూ ఇక్కడే "సిన్స్ త్రీ డేస్" అంటారు, ముప్పై ఏళ్ళు దిద్దాను నేను.

ఐదోదాంట్లో కీప్ ఎందుకొచ్చిందో తెలుసా, పెట్టండి అనే మాట నుంచి. మనకి సంతకం పెట్టడం, బొట్టు పెట్టడం, అన్నం పెట్టడం, అన్నిటికీ పెట్టడమే. ఇంగ్లీషులో కీప్ అంటే దగ్గర ఉంచుకోవడం. "ప్లీజ్ సైన్ హియర్" చాలు. అదే కీప్ ఆరో వాక్యంలో చక్కగా కుదిరింది చూడు, రసీదు ఉంచుకోమంటున్నావు కాబట్టి. సేఫ్లీ బదులు సేఫ్ అను, "కీప్ దిస్ సేఫ్".

అన్నట్టు ఆ రసీదు మాట రోజంతా నీ నోట్లో ఉండేదే కదా. అందులో పీ రాస్తారు గానీ పలకరు. రిసీట్ అనాలి. మిగతా నాలుగు వాక్యాలు కూడా రాసి పెట్టు.