ట్రామ్‌ల సంఖ్యను, సిబ్బందిని ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న: ఒకే నగరపు ట్రామ్‌ల సంఖ్య ఒక్కోచోట ఒక్కో విధంగా కనిపిస్తోంది. జతగా నడిపే రెండు పెట్టెలను ఒకటిగా లెక్కించాలా, రెండుగానా? ఒక్కో ట్రామ్‌కు ఎంతమంది డ్రైవర్లు అవసరమో కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: విడదీసి నడపగలమా లేదా అన్నదే నా దృష్టిలో సరైన కొలమానం. ప్రాగ్‌లో టాట్రా టీ3 ట్రామ్‌లను రెండేసి చొప్పున జతచేసి, ముందు పెట్టెలో కూర్చున్న ఒకే డ్రైవర్‌తో నడపడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. డిపోలో విడదీస్తే దేనికది నడుస్తుంది కనుక అవి రెండు వాహనాలు. బుడాపెస్ట్‌లోని కాంబినో సుప్రా అనే ట్రామ్ సుమారు 54 మీటర్ల పొడవుతో ఆరు భాగాలుగా ఉన్నప్పటికీ, ఆ భాగాలు విడిగా కదలలేవు కనుక అది ఒక్కటే. అందువల్ల రెండు నగరాలను వాహనాల సంఖ్యతో పోల్చడం అన్యాయం. ఎంతమంది ప్రయాణించగలరన్నది చూడాలి.

సమాధానం 2: నగరపు ట్రామ్‌ల జాబితాలో ఉన్నవన్నీ ఒకేసారి పట్టాలెక్కవని కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని మరమ్మతులో, కొన్ని తనిఖీలో, కొన్ని అత్యవసరానికి సిద్ధంగా ఉంటాయి.

సమాధానం 3: సిబ్బంది విషయానికి వస్తే, ఒక ట్రామ్ రోజుకు 18 గంటలు తిరుగుతుందనుకుంటే వారానికి 126 గంటలవుతుంది, డ్రైవర్ వారానికి 40 గంటలు పనిచేస్తే ముగ్గురు కూడా చాలరు, సెలవులు, శిక్షణ, విరామాలు కలిపితే నలుగురు దాటుతారు. పొడవైన ట్రామ్‌లో ఒకే డ్రైవర్‌తో ఎక్కువమందిని తీసుకెళ్లవచ్చు కనుక, అలాంటివి కొనడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో వలె కండక్టర్ కూడా ఉండే చోట ఈ లెక్క మరింత పెరుగుతుంది.