భానుగుడి కూడలి దగ్గర భోజనం ఎక్కడ?

ప్రశ్న: కాకినాడ భానుగుడి ప్రాంతంలో పాత ఇళ్లు పోయి వాణిజ్య భవనాలు లేస్తూ, బిర్యానీ, కాఫీ దుకాణాలే ఎక్కువవుతున్నాయి. మా అమ్మగారితో నిదానంగా ఆకులో భోంచేయగల చోటు తెలియజేయగలరా?

జవాబు: సుబ్బయ్య గారి హోటల్ శాకాహార భోజనం మీరు వినే ఉంటారు. ఆకు నిండా వడ్డించి, వద్దన్నా మారు వడ్డించే ఆ పద్ధతి పెద్దలకు నచ్చుతుంది గానీ, మధ్యాహ్నపు రద్దీలో తీరిగ్గా కూర్చోవడం కష్టం కనుక, బుట్టలో సర్ది ఇచ్చే వారి బుట్ట భోజనం ఇంటికి తెప్పించుకోవడమే మేలని నా అభిప్రాయం.

జవాబు: అయ్యా, వారు అడిగింది కూర్చుని తినే చోటు కదా! రద్దీకి ముందే వెళ్తే అక్కడే హాయిగా తినవచ్చు.

జవాబు: మాంసాహారమైతే ఒక్క మాట. పులస వరద కాలంలోనే గోదావరికి ఎదురీదుతుంది కాబట్టి, వేసవిలో కొత్త హోటళ్ల బోర్డు మీద ఆ పేరు కనిపిస్తే, ధర అడిగే ముందు చేప ఎక్కడిదో అడగండి.