వారధి పిల్లర్ల దగ్గర పడవ మీద వేట: ఆపాలా, వద్దా?

గౌతమి_ఒడ్డు:
గోదావరి గౌతమి పాయ మీదున్న యానాం–ఎదుర్లంక బాలయోగి వారధి కింద పడవ వేసుకుని గాలం వేసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అందరూ పండుగప్ప చేప కోసమే. అసలు అక్కడ వేటే ఆపేయాలని కొందరు గట్టిగా అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆపాల్సింది వేటని కాదు, పిల్లరుకి మోకు కట్టడాన్ని. పండుగప్ప అక్కడే ఎందుకుంటుందో తెలిసిందేగా, నీరు పిల్లరుని కొట్టి రెండుగా చీలాక దాని వెనక కాస్త నిమ్మళమైన చోటు ఏర్పడుతుంది, రొయ్య పిల్లలు, చిన్న కొయ్యింగ చేపలు అక్కడికి చేరతాయి, పండుగప్ప ఆ నీడలో పిల్లరుని ఆనుకుని ఉండి నోటి ముందుకి వచ్చినదాన్ని గుటుక్కున మింగుతుంది. చేప ఉన్నచోటికి వెళ్లొద్దంటే ఎవరూ వినరు. ఎలా వెళ్లాలో చెప్తే వింటారు.

ఎదుర్లంక_కుర్రోడు:
అన్నా, కట్టకపోతే పడవ ఒకచోట నిలబడదు కదా. లంగరు వేస్తే అడుగున రాళ్లలో ఇరుక్కుంటుంది, తీసేసరికి ప్రాణం పోతుంది. పిల్లరుకి ఓ చుట్టు వేసి కట్టుకుంటే హాయిగా కూర్చోవచ్చు. మా ఊళ్లో అందరూ అలాగే కడతారు.

గౌతమి_ఒడ్డు:
తమ్ముడూ, చెరువులో అయితే నువ్వన్నది నిజమే. ఇక్కడ పోటు (సముద్రపు నీరు ఎక్కడం), పాటు (నీరు దిగిపోవడం) ఉన్నాయి. పాటులో కట్టిన మోకుని పోటు ఎక్కేటప్పుడు వదలకపోతే నీరు లేస్తుంది, మోకు మాత్రం లేవదు, పడవ ముక్కు కిందకి లాగేస్తుంది. పిల్లరుకి పట్టిన గుల్లలు బ్లేడులా ఉంటాయి, మోకు వాటికి రాసుకుని పోగు పోగూ తెగుతుంది, పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది. తెగాక పడవ అడ్డంగా తిరిగి పక్క పిల్లరుకి అతుక్కుందంటే నీరు వచ్చే వైపు అంచు మునిగి లోపలికి నీళ్లు వచ్చేస్తాయి. ఆ టెన్షన్‌లో అందరూ పిల్లరుకి దూరంగా, నీరొచ్చే వైపుకి జరుగుతారు. అదే పడవని ముంచుతుంది. నిజానికి పిల్లరు వైపే ఒరగాలి.

నేను చెప్పేది ఇది: నీరు ఎటు పోతోందో చూసుకుని, పిల్లరు దాటి దిగువకి వెళ్లి, ముక్కు నీటికి ఎదురుగా పెట్టి అక్కడ లంగరు వేయండి. గాలం ఎగువకి, పిల్లరు వెనక నిమ్మళంలోకి విసరండి. లంగరు జారినా పడవ వారధికి దూరంగా పోతుంది కానీ మీదకి రాదు. రాళ్లు పిల్లరు మొదట్లోనే ఎక్కువ, అంత దూరంలో లంగరు ఇరుక్కునేది తక్కువ. ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు, సుమారు ఆరు గంటలకోసారి నీరు తిరుగుతుంది. తిరిగిందంటే ఇందాక మీకు దిగువ అనుకున్నది ఎగువ అయిపోతుంది, పడవ లంగరు చుట్టూ తిరిగి నేరుగా పిల్లరు మీదకి వస్తుంది. నీరు ఆగినట్టు అనిపించగానే లంగరు ఎత్తెయ్యాలి.

కృష్ణలంక_వాసి:
ఇవన్నీ తెలిసినవాళ్లకి సరేనండి, తెలియనివాళ్ల సంగతేంటి? 2024 సెప్టెంబరులో మా ప్రకాశం బ్యారేజీకి ఏం జరిగిందో చూశాం. 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి, గేట్లకి సమతూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు విరిగాయి. పూర్తిగా నిషేధిస్తేనే మంచిది.

గౌతమి_ఒడ్డు:
ఆ ఇనుప పడవలకీ, ఇద్దరు కూర్చునే చిన్న నావకీ పోలిక లేదండి. కానీ వరద మాటకొస్తే నేను మీ పక్షమే. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అంటే 10 లక్షల క్యూసెక్కులు. ఆ హెచ్చరిక వచ్చిందంటే వారధి దగ్గరికి ఏ పడవా వెళ్లకూడదు. ఈ ఒక్క రూలు పెట్టి అమలు చేస్తే చాలా ప్రాణాలు మిగులుతాయి. పైగా ఇక్కడో చిక్కు ఉంది, వారధికి ఒక చివర పుదుచ్చేరి, ఇంకో చివర ఆంధ్ర. ఒక ఒడ్డున కట్టిన బోర్డు ఇంకో ఒడ్డువాళ్లకి వర్తించదు.

వల_ఇల్లు:
మా ఇంట్లో తరాలుగా వేట. మా బాధ ఎవరూ రాయట్లేదు. మేం వల వేసిన చోటే ఈ రాడ్ల వాళ్లు గాలం విసురుతారు, ఇరుక్కుంటే వల కోసేసుకుని పోతారు. ఒక వల బాగు చేసుకోవాలంటే మాకు రోజుల పని. ఇక కోసిన ముక్కలు పిల్లర్లకే వేలాడుతూ ఉంటాయి, ఎవరూ చూడకపోయినా చేపలు పడి చస్తూనే ఉంటాయి. ఇంకో మాట. పండుగప్ప మొదట మగ, కొన్నేళ్లకి పెద్దదయ్యాక ఆడగా మారుతుంది. పిల్లర్ల దగ్గర దొరికే పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. ఫోటో కోసం పట్టేవాళ్లు వాటిని వదిలేయొచ్చు కదా, వాళ్లకి అది బతుకుతెరువు కాదు.

గౌతమి_ఒడ్డు:
మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజమండి. సరదాకి వచ్చేవాళ్లు పెద్ద చేపని వదిలెయ్యాలి, వల బెండ్లు కనిపించిన ఖానాలోకి (రెండు పిల్లర్ల మధ్య జాగాలోకి) అసలు వెళ్లకూడదు. బతుకు కోసం వేటాడేవాళ్లది ముందు హక్కు. ఇందులో నాకు వాదన లేదు.

ఎదుర్లంక_కుర్రోడు:
అన్నా, కట్టడం మానేస్తాను. కానీ పాటు ఉరవడిలో లంగరు ఆగుతుందా?

గౌతమి_ఒడ్డు:
పౌర్ణమి, అమావాస్యలకి వద్దు, ఆ రోజుల్లో ఉరవడి బాగా ఎక్కువ. అష్టమి చుట్టుపక్కల రోజులు చూసుకో, నీరు మందంగా కదులుతుంది. లంగరు మోకు లోతుకి కనీసం ఐదింతలు వదులు, పొట్టిగా వదిలితే ఏ లంగరూ పట్టదు. తెగ్గొట్టాల్సి వస్తే చేతికి అందేలా కత్తి ముక్కు దగ్గరే పెట్టుకో. లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చో, పడవ అడుగున పడేసి కాదు.